పొలం స్టేటస్ మారితే బస్తా స్టేటస్ దానంతటదే మారాలి: మూడు షీట్ల లెక్క

పాతబస్తీలో మీర్ ఆలం మండీ దగ్గర మా గ్రూపు రైతుల కందిపప్పు, పసుపు, బియ్యం నేను అమ్ముతుంటాను. ఇక్కడ కొనేవాళ్లు ముందు అడిగేది "పక్కా ఆర్గానిక్ హై నా?" అనే. ధైర్యంగా అవునని చెప్పాలంటే, ఆ ప్యాకెట్ ఏ పొలంది, ఆ పొలం సంగతేంటి అన్నది వెంటనే తెలియాలి. పక్క చేనులో కొట్టిన మందు మన పొలం మీద పడిందని ఫోన్ వస్తే, ఆ పొలం బస్తాలు, ఆర్డర్లు అన్నీ ఒకేసారి ఆగాలి. ఒక్క ప్యాకెట్ జారిపోయినా పోయేది గ్రూపు మొత్తం పేరు.

పీజీఎస్-ఇండియాలో మార్పిడి దశలో ఉన్న పంట 'గ్రీన్', దశ పూర్తయ్యాక పండింది 'ఆర్గానిక్' అని మీకు తెలుసు కదా. ఈ లెక్కనే షీట్‌లో పెడదాం. ఫంక్షన్ పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, వీడియోలో స్క్రీన్ మీద చూపించాను.

1. పొలాలు షీట్: పొలం కోడ్, స్టేటస్, ఆర్గానిక్ మొదలైన తేదీ. స్టేటస్‌ను చేత్తో మార్చేది ఇక్కడ మాత్రమే. 'నడుస్తోంది', 'ఆపు' అని డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా టైప్ చేస్తే ఫార్ములా గుర్తుపట్టదు.

2. సరుకు షీట్: బస్తా నంబరు, పొలం కోడ్, కోత తేదీ. స్టేటస్ గడిలో ఎక్స్‌లుకప్ పెడితే కోడ్‌ని బట్టి పొలం వివరాలు తెస్తుంది. దానికి ఇఫ్ కలపాలి: పొలం 'ఆపు' అయినా, కోడ్ దొరక్కపోయినా బస్తా 'ఆపు'. ఆర్గానిక్ తేదీ ఖాళీగా ఉంటే 'గ్రీన్'. కోత ఆ తేదీకి ముందైతే 'గ్రీన్', ఆ రోజు లేదా తర్వాతైతే 'ఆర్గానిక్'.

3. ఆర్డర్లు షీట్: ఆర్డర్ నంబరు, బస్తా నంబరు, ప్యాకెట్ మీది లేబుల్. లేబుల్, బస్తా స్టేటస్ ఒకటే అయితే 'సరే', లేకపోతే 'ఆపు'. ఒక ఆర్డర్‌లో నాలుగు వస్తువులుంటే, కౌంట్‌ఇఫ్స్‌తో ఆ నంబరు మీద 'సరే' కాని వరుసలు లెక్కపెట్టండి. సున్నా వస్తేనే 'పంపు'.

కోత తేదీ ఎందుకంటారా? పొలం ఈ రోజు ఆర్గానిక్ అయిందని, పోయిన ఏడాది కోసిన కందులు ఆర్గానిక్ అయిపోవు. ఉత్త స్టేటస్‌నే లింక్ చేస్తే గోదాంలో పాత బస్తాలు కూడా ఒక్క క్షణంలో పేరు మార్చుకుంటాయి. అది అబద్ధమే అవుతుంది. ఖాళీ తేదీని విడిగా చూడమన్నది కూడా అందుకే. షీట్ ఖాళీ గడిని సున్నాగా తీసుకుని అన్నిటికీ 'ఆర్గానిక్' అనేస్తుంది.

పాత ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ ఉండదు. వీలుకప్ వాడండి, కానీ చివర సున్నా మర్చిపోవద్దు. లేకపోతే దగ్గరి కోడ్ పట్టుకుని వేరే రైతు పొలం స్టేటస్ తెచ్చి చూపిస్తుంది.

ఒక్కమాట. పొలంలో ఏం పడిందో షీట్‌కి తెలియదు, మనం రాసిందే దానికి తెలుసు. అందుకే ఫోన్ వచ్చిన నిమిషంలోనే 'ఆపు' పెట్టండి. తిరిగి 'నడుస్తోంది' అని మార్చడం మాత్రం గ్రూపు అంతా పొలం చూసొచ్చాకే. ముందు ఐదు పొలాలతో మొదలుపెట్టి, ఒకదాన్ని 'ఆపు' చేసి ఆర్డర్లు ఆగుతున్నాయో లేదో పరీక్షించుకోండి.