మూఁడవ మంగళసూత్రము

తెలుఁగున నాభరణమునకు నగ, తొడవు, సొమ్ము అను మాటలు గలవు. తొడుగఁబడునది తొడవు. సొమ్మనునది యాభరణమునకే గాక ధనమునకును, ఒకరికి స్వంతమైన వస్తువునకును బేరు. నగలు ‘పెట్టుట’ యను వాడుకలోఁ దొడుగుటయు నిచ్చుటయు నొక్క క్రియయందే యిమిడియున్నవి; వియ్యపువారి నడుమ జరుగు ‘పెట్టుపోతలు’ నట్టివే. కావునఁ బెండ్లికూఁతురి నగకుఁ గల యర్థము దాత పేరుతోఁ గలిసియే తెలియవలసినది. ఈ విషయమునకు ఖమ్మము–భద్రాచలము సీమయం దొక యపూర్వమైన తార్కాణము గలదు.

ధర్మశాస్త్రమునందును దాతకే ప్రాధాన్యము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున స్త్రీధన మాఱు తెఱఁగులుగాఁ జెప్పఁబడినది: వివాహాగ్ని సన్నిధిని నిచ్చినది, అత్తవారింటికిఁ దరలునపు డిచ్చినది, ప్రీతిచే నిచ్చినది, సోదరుఁ డిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది. ఈ విభాగమునఁ బసిఁడి, వెండి, రత్నము అను భేదము లేదు. ఎవ రిచ్చిరి, ఎప్పు డిచ్చిరి యనునదియే లెక్క. మొదటిదగు నగ్నిసన్నిధి కానుకకు దాత యిట్టివాఁడని నిర్దేశింపఁబడకుండుట గమనింపఁదగినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుఁడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దమునఁ గేతన ‘విజ్ఞానేశ్వరము’ అను పేరఁ దెనిఁగించుటచే వ్యవహారధర్మములు దేశభాషలోనికిని వచ్చెను. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వశాసనము వివాహమునకు ముందుగాని, వివాహమందుగాని, తరువాతఁగాని కానుకగా వచ్చిన సొత్తునకు స్త్రీని సంపూర్ణస్వామినిగా నిర్ణయించినది. సొమ్మను మాటయందలి యర్థములు రెండు నిచటఁ గలిసినవి.

మంగళసూత్రవిషయము కొంత భిన్నము. ఆపస్తంబాది గృహ్యసూత్రములలోఁ బాణిగ్రహణము, సప్తపది మున్నగునవి విధింపఁబడినవి గాని, సూత్రబంధనము విధింపఁబడలేదు. అది దేశాచారముగా వచ్చి వివాహమునకుఁ బ్రధానచిహ్నమైనది. అందు తెలుఁగువారి విశేషము రెండుబొట్లు. ఒకటి పుట్టినింటివారిది, ఒకటి మెట్టినింటివారిది. వైరానుండి తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచల మీఁదుగా భద్రాచలమునకుఁ బోవు త్రోవలోని తెలుఁగు పల్లెలయందును నిది పరిచితమైన యాచారమే. బొట్టు రూపము కులమునుబట్టి మాఱును. పెండ్లినాఁడు పసుపుత్రాటఁ గట్టిన బొట్లను బదునాఱుదినముల పండుగనాఁ డొక్క సూత్రమునఁ గూర్చుట, నడుమఁ బగడములును నల్లపూసలును జేర్చుట పెక్కిండ్ల వాడుక. రెండువంశము లొక్క మెడయందుఁ గలిసె నను నర్థ మీ కూర్పుననే గలదు. ఇదే సీమలోని లంబాడీ తండాలలో వివాహితకు గుర్తు జుట్టునుండి చెంపలకు వ్రేలాడు ఘుగ్రి, టోప్లీలు. గుర్తుండు తావు వేఱైనను జెప్పెడు మాట యొక్కటియే.

ఇఁక భద్రాచలము. నేలకొండపల్లియందుఁ బుట్టిన కంచెర్ల గోపన్న, 1672 మొదలు 1687 దాఁక గోలకొండ నేలిన యబుల్ హసన్ తానీషా కాలమునఁ బాల్వంచ పరగణాకుఁ దహసీలుదారు. శిస్తు ధనముతో రాముని కాలయము గట్టించి, నగలు చేయించి, గోలకొండ చెఱసాలలోఁ బండ్రెండేండ్లు మ్రగ్గె నని ప్రసిద్ధి. ‘ఇక్ష్వాకుకులతిలక’ యను కీర్తన యా చెఱలో వేదనతోఁ బాడినదిగాఁ దెలుఁగువా రెఱుఁగుదురు. అందుఁ జెప్పఁబడిన నగలలో సీతమ్మ చింతాకుపతకము, రాముని కలికితురాయి ముఖ్యములు.

ఆ కీర్తన నడక పరిశీలింపఁదగినది. అందు ధరించువారి పేరు, నగ పేరు, పట్టిన వెల తఱచుగా వచ్చును. పదివేలను సంఖ్య మాటిమాటికిఁ బ్రత్యక్షమగును. ఇది భక్తుని స్తోత్రమువలెఁ గాక పరగణా లెక్కలు వ్రాయు నుద్యోగి పద్దువలె నున్నది. పిమ్మట నాతఁడు రాముని నిలఁదీసి, ఈ నగలు నీ తండ్రి దశరథుఁడు పెట్టినవా, నీ మామ జనకుఁడు పంపినవా యని యడుగును. తెలుఁగింటఁ బెండ్లినగలకు న్యాయముగా నుండవలసిన దాత లా యిరువురే. గోపన్న వరునివైపువాఁడు గాఁడు, వధువువైపువాఁడు గాఁడు. గోలకొండ ప్రభుత్వము గోపన్న నడిగిన ప్రశ్నయు నిదియే: ఎవరి సొమ్ము? తన్నడిగిన ప్రశ్ననే యతఁడు దేవునిపైఁ ద్రిప్పినాఁడు. పిదప దెబ్బల బాధ కోర్వలేక తిట్టితినని క్షమ వేఁడుకొనెను గాని, ప్రశ్నకు మాత్రము కీర్తనలో జవాబు లేదు.

ఆ జవాబు భద్రాద్రి కల్యాణసంప్రదాయమునఁ గానవచ్చును. చైత్రశుద్ధనవమినాఁడు జరుగు సీతారామకల్యాణమున నమ్మవారికిఁ గట్టు సూత్రములు రెండు గావు, మూఁడు. దశరథుని పక్షమున నొకటి, జనకుని పక్షమున నొకటి, రామదాసు పక్షమున నొకటి. రామదాసు సీతమ్మను గూఁతురుగా భావించె నని జనులు చెప్పుకొందురు. కీర్తనయం దే యిరువురి పేళ్లతోఁ బ్రశ్న వేయఁబడెనో, ఆ యిరువురి సరసనే ప్రశ్న వేసినవానికిని దావు దొరకినది. అగ్నిసన్నిధి కానుకకు దాతను నిర్దేశింపని స్మృతివాక్యమునకు నిది విరుద్ధము గాదు. తెలుఁగువారి రెండుబొట్ల యాచారమునకు మాత్ర మిది యపూర్వమైన చేర్పు. చింతాకుపతకమునకు వెల గలదు, ఆ వెలకై యొకఁడు చెఱఁబడెను. మూఁడవ సూత్రమునకు వెలకట్టినవారు లేరు.

ఇదే కల్యాణమునకు ముత్యాల తలఁబ్రాలు పంపు నాచారము తానీషాతో నారంభమైనదని ప్రసిద్ధి. నిజాముల కాలమున నది సాగెను. నేఁడు రాష్ట్రప్రభుత్వము పట్టువస్త్రములతోఁ గూడ సమర్పించుచున్నది. సొమ్ము లెక్క యడిగిన రాజస్థానమే పెండ్లికిఁ గానుక పంపు బంధువైనది.

నేఁటి పెండ్లిండ్ల నగలమాట తఱచుగాఁ దులాల లెక్కతో మొదలై యక్కడనే ముగియుచున్నది. వధూభూషణములఁ బరిశోధించువారు తూనికతోఁబాటు దాత పేరును, ఇచ్చిన సమయమును, అడిగి పుచ్చుకొన్నదో మనసార నిచ్చినదో యను విషయమును వ్రాసికొనవలెను. భద్రాచలమందలి మూఁడవ సూత్రము తూనికచేఁ దెలియునది గాదు. ఎవరు పెట్టిరని యడిగినపుడే దాని కథ బయలుపడును.