ట్రయంఫ్ బోన్నెవిల్: కిక్ కొడితే స్టార్ట్.. యాక్సిలరేటర్ వదిలితే ఆఫ్! అసలు లోపం ఎక్కడంటే?

1960ల చివరి నాటి ట్రయంఫ్ బోన్నెవిల్.. బ్రిటన్‌లో తయారైన 650 సీసీ బైక్. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంది. చాలామంది వెంటనే కార్బురేటర్ స్క్రూలు తిప్పేస్తారు. దాంతో ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది!

ముందు చూడాల్సింది పాయింట్స్, ప్లగ్‌లు. కార్బురేటర్‌దే తప్పని అనుకునే చాలా సమస్యలు నిజానికి ఇగ్నిషన్‌వే. ప్లగ్‌కు నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువవుతున్నట్లు, తెల్లగా మాడితే గాలి ఎక్కువైనట్లు.

స్పార్క్ బాగుంటే అప్పుడు అమాల్ కాన్సెంట్రిక్ కార్బురేటర్లు విప్పాలి. ఈ బైక్‌కు అవి రెండు. ఐడిల్‌లో పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం 0.016 అంగుళాలే. బైక్ నెలల తరబడి కదలకపోతే పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది, రంధ్రం మూసుకుపోతుంది. చాలా వాటిలో ఆ జెట్‌ను లోపలికి నొక్కి బిగించేశారు, ఊడదీయడం కుదరదు. స్ప్రే కొట్టినా ఒక్కోసారి లాభం ఉండదు. ఎయిర్ స్క్రూ తీసేసి, అదే సైజు డ్రిల్ బిట్‌ను ఆ రంధ్రం గుండా చేత్తోనే నెమ్మదిగా తిప్పుతూ శుభ్రం చేయాలి. తర్వాత స్క్రూను పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలాలి.

నట్లు మరీ గట్టిగా బిగిస్తే ఫ్లేంజ్ వంగి గాలి లీకవుతుంది. అప్పుడు ఐడిల్ నిలకడగా ఉండదు.

టిక్లర్ నొక్కకుండానే పెట్రోల్ కారుతుంటే మాత్రం బండి నడపొద్దు. ఫ్లోట్ నీడిల్ అరిగి ఉండొచ్చు, లేదా కింద మురికి చేరి ఉండొచ్చు. వేడి ఇంజిన్‌పై పెట్రోల్ పడితే మంటలు రావచ్చు. బండి ఆపగానే పెట్రోల్ ట్యాప్‌లు మూసేయాలి.