కిటికీ క్రింది అరుగు

మూరెడు మందపు గోడలుగల పాత మండువా లోగిళ్లలో కిటికీ గూడే పిల్లలకు ఆసనముగా నుండెడిది. కాళ్లు ముడుచుకొని, చువ్వల నానుకొని, వీధిని చూచుచు గంటలకొలది కూర్చుండుటకై ఎవ్వరును వడ్రంగిని పిలువవలసిన పని లేకుండెను. ఇంగ్లండులోని మధ్యయుగపు కోటలయందును గోడ మందములోనే రాతి పీఠములను అమర్చిరి. 1847లో వెలువడిన షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’లోని అనాథ బాలిక ఎఱ్ఱని తెర వెనుక పుస్తకముతో దాగినదియు ఇట్టి కిటికీ పీఠముననే. నేటి యిటుక గోడ సాధారణముగా తొమ్మిదంగుళములకు మించదు గనుక, ఆ చోటును గదిలోనికి పెట్టెవలె చొచ్చుకొని వచ్చునట్లు కట్టించుకొనవలసియున్నది.

కట్టింపబూనిన తల్లిదండ్రులు మొదట దిండ్ల రంగులను గూర్చి వాదించుకొందురు. నా యభిప్రాయమున మొదట చూడవలసినవి చువ్వలు. నేలకు 36 అంగుళముల యెత్తున నున్న కిటికీ గట్టు, దానిక్రింద 16 అంగుళముల పీఠము వెలసిన మఱుక్షణము, ఆ పీఠముపై నిలిచిన బిడ్డకు 20 అంగుళముల యెత్తు మాత్రమే యగును. పెద్దలు ఆసనమని తలచినదానిని పిల్లలు మెట్టుగా నెఱుగుదురు. కావున చువ్వలు నిలువుగా, నాలుగంగుళములకంటె తక్కువ యెడముతో, చట్రమున గట్టిగా బిగింపబడి యుండవలెను. అడ్డచువ్వలు పిల్లలకు నిచ్చెనలు. దోమతెర దోమను ఆపునే గాని బిడ్డను ఆపజాలదు. చువ్వల వాడుక లేని అమెరికా వంటి దేశములలో స్థిరపడిన మనవారు, కిటికీ నాలుగంగుళములకు మించి తెఱచుకొనకుండ ఆపునట్టియు, అగ్నిప్రమాదవేళ పెద్దలు విడిపింపగలిగినట్టియు సాధనము నమర్చుకొనవలెను. వ్రేలాడు తెరత్రాళ్లు మెడకు చుట్టుకొను ప్రమాదము గలదు గనుక పీఠమున్న కిటికీకి కూడవు.

ఎత్తు విషయమున, నేటి బిడ్డ కాళ్లకు సరిపోవు పొట్టి పీఠము నాలుగేండ్లకే నిరుపయోగమగును; పరుపుతో కలిపి 16 అంగుళములు కట్టించి, ముందొక చిన్న పీట వేయుట మేలు. కూర్చుండుటకు 18 అంగుళముల వెడల్పు చాలును గాని, చదువరి బిడ్డ ఒరగకుండ ఉండునా? 22 ఉంచుడు.

పీఠము క్రింది చోటును పైమూతగల పెట్టెగా చేయింపవలెనని అందఱును కోరుదురు. బరువైన మూత వ్రేళ్లపై పడును. దాగుడుమూతలాడు పసివాడు అందు దూరినచో ఊపిరాడదు. సొరుగులే శ్రేయస్కరము. మూతయే కావలెనన్నచో, అది తనంత తాను పడిపోకుండ నిలుపు ఊతమును, గాలిరంధ్రములును తప్పనిసరి; గడియ పనికిరాదు.

వానజల్లు తగులు తావు గనుక నీటికి తట్టుకొను ప్లైవుడ్‌నే, ఐఎస్ 710 ముద్ర చూచి కొనవలెను, చెదమందును పట్టింపవలెను. పరుపునకు బూరుగుదూది హాయి. గలీబు విప్పి ఉదుకుటకు వీలుగా నుండవలెను. తూర్పు, ఉత్తరపు కిటికీలు ఉత్తమములు. పడమటిది తప్ప వేఱొకటి లేనిచో, వెలుపల లోతైన సజ్జ వేయించి, వేసవికి వెదురు తడక కట్టించి, ఆ పిమ్మటనే వడ్రంగికి కొలతలు చెప్పవలెను.