స్కూటరు చక్రము – రోడ్డుపై ధాన్యము



మన గ్రామములలో నిప్పుడు స్కూటరు కానరాని వీధి యరుదు. పాలు కేంద్రమునకు చేర్చుటకును, సంఘమునుండి యెరువు తెచ్చుకొనుటకును, పిల్లలను బడికి దింపుటకును అనేక కుటుంబములకు ఇదియే యాధారము. అయినను దీనిని మోటారు సైకిలుతో సమానముగా నెంచి నడుపువారు పెక్కుమంది కలరు. ఈ రెండింటికిని గల ముఖ్యభేదము చక్రమునందున్నది. దానిని గ్రహించినచో స్కూటరువలని సుఖమును, అపాయమును గూడ బోధపడును.

ఇటలీ దేశమున 1946వ సంవత్సరమున పియాజియో కంపెనీవారు వెస్పా యను స్కూటరును వెలువరించిరి. దానిని రూపొందించిన కొర్రదీనో దస్కానియో విమానముల యింజనీరు. ఆయన చక్రములను చిన్నవి చేసి, యింజనును వెనుక చక్రముకడకు జేర్చి, ముందు పాదము లుంచుటకు చదునైన చోటు కల్పించెను. మన దేశమున 1972 మొదలు చాలకాలము తిరిగిన బజాజు చేతకు ఆ సంతతిలోనిదే. చీర కట్టిన స్త్రీలు సులభముగా నెక్కి దిగుటకును, బురద కాళ్లపై చిందకుండుటకును ఈ యమరికయే కారణము. నేటి గేరులేని బండ్లలోను ఇదియే కలదు.

ఇక చిక్కు సంగతి. మోటారు సైకిలు చక్రములు సాధారణముగా 17 లేక 18 అంగుళములవి. స్కూటరువి 10 లేక 12 అంగుళములవి. ఎడ్లబండి చక్రము ఎందులకు పెద్దదిగా జేయుదురో మనకు దెలియనిది కాదు. పెద్ద చక్రము గోతిపైనుండి దాటిపోవును. చిన్నది అందులో దిగబడును. మరియు చిన్న చక్రము అంతే దూరమునకు ఎక్కువ చుట్లు తిరుగవలెను. కావున టైరు నున్నబడినదేమో తరచు చూచుకొనుడు. బండితో నిచ్చిన పుస్తకములో చెప్పినంత గాలి యున్నదా యని వారమున కొకసారి, బండి నడుపక ముందే, చూపించుకొనుడు.

పాదము లుంచు చోట 45 కిలోల యూరియా మూటను వేసికొని వచ్చుట మనలో వాడుక. అట్లు చేసినపుడు కాళ్లు ప్రక్కలకు జరుగును. హ్యాండిలు త్రిప్పునప్పుడు మూట యడ్డుతగులును. బండి యొరిగినచో కాలు నేల నానించుటకు వ్యవధి చాలదు. రెండు మూడు మూటలైనచో ఆటో పిలిపించుకొని, ఇరుగుపొరుగువారు బాడుగను పంచుకొనుట మేలు.

అన్నిటికంటె నెక్కువ యపాయము వరికోతల కాలమున వచ్చును. రబ్బరు రోడ్డును పట్టుకొనుటచేతనే బండి నిలిచియుండును. నడుమ ధాన్యపు గింజలు పడినచో అవి పూసలవలె దొర్లి ఆ పట్టును తప్పించును. అట్టిచోట బ్రేకు గట్టిగా వేసినను, హ్యాండిలు చప్పున త్రిప్పినను బండి జారును. గింజలు కనబడగనే, వానిపైకి పోకమునుపే వేగము తగ్గించి, తిన్నగా మెల్లగా దాటిపోవలెను. రాత్రివేళ ధాన్యముపై గప్పిన నల్లబరకమును, దానిచుట్టు పేర్చిన రాళ్లును బండి దీపపు వెలుగున దగ్గరకు వచ్చువరకు కానరావు. విధినిర్వహణలో స్కూటరుపై పల్లెలు తిరుగు నేను, కోతల దినములలో ప్రొద్దుగ్రుంకకముందే యిల్లు చేరుటకు ప్రయత్నింతును.

ధాన్యము నారబోయుటకు చోటు లేకనే రైతు రోడ్డు నాశ్రయించుచున్నాడు, ఇది నిజము. కాని ఆ రోడ్డుననే మన బిడ్డలు సాయంకాలము ఇంటికి రావలెను. తప్పనప్పుడైనను రాళ్లు పెట్టక, మలుపులకడ పోయక, చీకటిపడకముందే యెత్తివేయుడు. సంఘసభ్యులు కూడి ఊరికొక యుమ్మడి కల్లము నేర్పరచుకొనుటను గూర్చి వచ్చు సమావేశమున ఆలోచింపవలెను. అది ధాన్యమును మట్టినుండియు, మనుజులను దెబ్బలనుండియు కాపాడును.

శిరస్త్రాణము ధరించుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించినది. పొలము దగ్గరేకదా యని దానిని చిలుకకొయ్యకు తగిలించి పోవలదు. మెడక్రింద పట్టీ బిగించనిచో అది పడినపుడే యూడిపోవును. వెనుక కూర్చున్నవారికిని అది యవసరమే.