రెండో ఖరీదైన రోడ్ సైకిల్ కొనాలా వద్దా? ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క

ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు శ్రీరంగాపూర్‌లో. ఇంట్లో ఇప్పటికే లక్ష రూపాయల దాకా పెట్టి కొన్న సన్న టైర్ల రోడ్ సైకిల్ ఉంది. ఇప్పుడు కొడుకు ఇంకోటి కావాలంటున్నాడు, ఈసారి 2 లక్షల 40 వేలది. "సైకిల్‌కు అంత పైసలా? అందులో సగం పెడితే మంచి బండే వస్తుంది కదా" అని అబ్బా అంటారు. "దాని విలువ మీకు తెల్వదు" అని కొడుకు అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ మాట అక్కడే ఆగిపోతే, చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే నిర్ణయం అవుతుంది.

సైకిల్ తొక్కేవాళ్లలో ఒక పాత జోక్ ఉంది. మనిషికి ఎన్ని సైకిళ్లు ఉండాలంటే, ఇప్పుడు ఉన్నవాటి కంటే ఒకటి ఎక్కువ ఉండాలట. జోక్ బాగానే ఉంది గానీ, ఇంటి ఖర్చు చూసేవాళ్లకు పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. ఇప్పుడున్న సైకిల్ చేయలేని ఏ పనిని కొత్తది చేస్తుంది? అది కూడా ఎక్కడో యూరప్ రోడ్ల మీద కాదు, పెబ్బేరు, బీచుపల్లి, గద్వాల రోడ్ల మీద.

ముందు వేగం సంగతి చూద్దాం. ఖరీదైన సైకిల్ అనగానే అందరూ చెప్పేది బరువు. పాతది 10 కిలోలు, కొత్తది 8 కిలోలు అంటారు. చేతితో లేపి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కానీ రోడ్డు మీద మోసుకెళ్లేది సైకిల్ ఒక్కదాన్నే కాదు. 70 కిలోల మనిషి, నీళ్ల సీసాలు, పంపు, విడి ట్యూబ్ అన్నీ కలిపితే మొత్తం 82 కిలోలు అవుతుంది. అందులో 2 కిలోలు తగ్గితే తేడా రెండున్నర శాతం కూడా రాదు. గంట సేపు ఎక్కే ఘాట్ రోడ్డులో అది మహా అయితే నిమిషంన్నర. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా 6.8 కిలోల కంటే తక్కువ బరువున్న సైకిల్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకోదు.

పైగా శ్రీరంగాపూర్ చుట్టుపక్కల అంత పెద్ద ఘాట్ ఎక్కడుంది? రంగసముద్రం కట్ట దగ్గర నుంచి పెబ్బేరు వైపు, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కృష్ణా వంతెన దాకా, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగితే గద్వాల దాకా చిన్న చిన్న ఎత్తుపల్లాలే. అసలైన ఎక్కుడు కావాలంటే నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమలలోకి పోవాలి. శ్రీశైలం డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంట వైపు ఎక్కే ఘాట్‌లో తేలిక సైకిల్ సుఖం నిజంగానే తెలుస్తుంది. కానీ మన్ననూర్ దగ్గర అడవి రోడ్డును రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా మూసేస్తారు. వేసవిలో ఎండ ముదరకముందే తొక్కేద్దామంటే అక్కడ కుదరదు. ఏడాదికి రెండుసార్లు పోయే ఘాట్ కోసం రెండు లక్షలు పెట్టాలా అన్నది ఇంట్లో నేరుగా అడగాల్సిన మాట.

చదును రోడ్డు మీద మనిషితో పోరాడేది గాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కాళ్ల బలంలో దాదాపు నాలుగింట మూడు వంతులు గాలిని తోయడానికే పోతుంది. ఆ గాలికి ఎక్కువ అడ్డుపడేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి ఒళ్లు. అందుకే సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిగ్గా పెట్టించుకుని, వంగి నొప్పి లేకుండా గంట సేపు కూర్చోగలిగితే వచ్చే లాభం కొత్త ఫ్రేమ్ ఇచ్చే దానికంటే ఎక్కువే. హైదరాబాద్‌లో దీన్ని కొలతలు తీసి చేసే షాపులున్నాయి. కొత్త సైకిల్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఎంతో కాదు. మెడ, నడుము, అరచేతుల నొప్పితో "ఈ సైకిల్ నాకు సెట్ కావట్లేదు" అని కొత్తదాని వైపు చూసేవాళ్లు ముందు ఇది చేయించుకోవాలి.

దూరం తొక్కాలనుకునేవాళ్ల సంగతి ఇంకా సులభం. ప్రపంచమంతా ఒకే రూల్‌తో జరిగే బ్రెవె అనే దూర ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. అంటే దారిలో ఆగే సమయం కూడా కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు చాలు. 300కు 20 గంటలు, 600కు 40 గంటలు. ఇది పూర్తి కావాలంటే కావలసింది ఓపిక, నిద్ర లెక్క, తిండి, నీళ్లు. కార్బన్ ఫ్రేమ్ లేదని అక్కడ ఎవరూ వెనక్కి పంపరు.

టైర్ల దగ్గరే అసలు కథ

మరి పాత సైకిల్ నిజంగా చేయలేనిది ఏమీ లేదా? ఉంది, అది టైరు వెడల్పు. కొన్నేళ్ల కింద వచ్చిన రోడ్ సైకిళ్లలో చాలావాటికి 23 లేదా 25 మిల్లీమీటర్ల టైర్లు వచ్చేవి. వాటిలో గట్టిగా గాలి కొట్టి తొక్కడమే వేగం అనుకునేవాళ్లు. ఇప్పుడు 28, 30, 32 మిల్లీమీటర్లకు వచ్చారు. గరుకు రోడ్డు మీద సన్న టైరు ప్రతి గతుకుకూ ఎగురుతుంది, ఆ ఎగరడంలోనే బలం వృథా అవుతుంది. కొంచెం వెడల్పు టైరు తక్కువ గాలితో గతుకును మింగేసి ముందుకు పోతుంది. ఒంటికి సుఖం, పంక్చర్లు తక్కువ, వేగం తగ్గేదేమీ లేదు.

మన ఊళ్ల రోడ్లకు ఇది చాలా ముఖ్యం. వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. రోడ్డు అంచున సర్కారు తుమ్మ ముళ్లు. ట్రాక్టర్ల నుంచి పడిన మట్టి వాన పడితే జారుడు. హైవే మీద లారీలు పోతుంటే తెల్ల గీత అవతల గులకరాళ్లలోకి దిగక తప్పదు. ఇలాంటి చోట 23 మిల్లీమీటర్ల టైరుతో తొక్కడం ధైర్యమేమీ కాదు, ముప్పు కొనితెచ్చుకోవడమే.

కాబట్టి ముందు చేయాల్సిన పని షాపుకు పోవడం కాదు. ఇంట్లో ఉన్న సైకిల్ ఫోర్క్‌కూ టైరుకూ మధ్య, వెనక ఫ్రేమ్‌కూ టైరుకూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లు మిగిలేలా 28 టైర్ పడుతుందంటే, మంచి టైర్ల జత, కొత్త చైన్, బ్రేకు ప్యాడ్లు వేయిస్తే చాలు. సైకిల్ కొత్తదానిలాగే ఉంటుంది. చైన్ సంగతి చాలామంది పట్టించుకోరు. అరిగిన చైన్‌ను అట్లాగే తొక్కితే వెనక గేర్ పళ్లు, ముందు చక్రం పళ్లు కూడా అరిగిపోతాయి. అప్పుడు గేర్లు టకటకమంటూ జారుతుంటే సైకిల్ పాడైందనుకుంటారు. పాడైంది చైనే, అదీ కొలిచే చిన్న పరికరం ఒకటి ఇంట్లో లేకపోవడం వల్ల.

25 కంటే పెద్ద టైర్ పట్టదు, బ్రేకులు రిమ్ మీద పట్టే పాత రకం, వానలో ఆగదు అంటే అప్పుడు కొడుకు మాటలో బలముంది. వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు కొత్త ఫ్రేమ్‌తోనే వస్తాయి, పాతదానికి బిగించడం కుదరదు. కానీ అవి రావడానికి 2 లక్షల 40 వేలదే కొనక్కర్లేదు. అల్యూమినియం ఫ్రేమ్, వైరుతో నడిచే గేర్లు ఉన్న మధ్య రకంలోనే రెండూ దొరుకుతాయి. ఆ పైన పెట్టే ధర ఎక్కువగా కార్బన్‌కు, బ్యాటరీ గేర్లకు. వాటితో పాటు ఇంకో తలనొప్పి కూడా వస్తుంది. బ్యాటరీ గేర్ మొండికేస్తే, కింద పడ్డప్పుడు కార్బన్‌లో పగులు వచ్చిందేమో చూడాలంటే పెబ్బేరు పంక్చర్ షాపులో పని కాదు, సైకిల్‌ను కారెక్కించి హైదరాబాద్ దాకా పోవాలి. సైకిల్ ఎప్పుడూ హైదరాబాద్‌లోనే ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీదే తొక్కుతాడంటే అది వేరే లెక్క. కానీ అంత నున్నటి ట్రాక్‌కు పాత సైకిలే సరిపోతుంది కదా!

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేదా?

ముస్లిం కుటుంబాలు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. చేతిలో పైసలు లేకపోతే "నో కాస్ట్ ఈఎంఐ ఉంది, వడ్డీ లేదు" అని షాపువాళ్లు, యాప్‌లు చెప్తాయి. వినడానికి బాగుంటుంది. అయితే జీరో వడ్డీ పేరుతో నడిచే కార్డు పథకాలను రిజర్వ్ బ్యాంక్ 2013లోనే తప్పుపట్టింది. ఆ తర్వాత నుంచి ఇది సాధారణంగా ఇలా నడుస్తుంది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ అంత మొత్తాన్ని అమ్మేవాడు ధరలో ముందే తగ్గిస్తాడు.

లెక్క చూడండి. సైకిల్ ధర 2,40,000, గడువు 12 నెలలు, బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. కార్డు మీద అప్పుగా పడేది సుమారు 2,21,600. ఏడాదిలో బ్యాంకు తీసుకునే వడ్డీ సుమారు 18,400. రెండూ కలిపితే 2,40,000 కాబట్టి పైకి ఖర్చు లేనట్టు కనిపిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 3,300 దాకా, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డు స్టేట్‌మెంట్ తీసి చూస్తే వడ్డీ అన్న మాట నెల నెలా కనిపిస్తుంది. అదే 18,400 తగ్గింపును మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు ఇస్తారా అని షాపులో అడిగి చూడాలి. కొందరు ఇస్తారు. బ్యాంకు ఒప్పందంలో వడ్డీ అని రాసి ఉన్నప్పుడు అది రిబా కిందికి వస్తుందా రాదా అన్నది కాగితాలు చూపించి ముఫ్తీ సాబ్‌ను అడగాల్సిన విషయం. షాపు సేల్స్‌మన్ మాట మీద తేల్చుకునేది కాదు.

ఇస్రాఫ్ గురించి కూడా ఇంట్లో మాట వస్తుంది. ఖరీదైన వస్తువు కొన్నంత మాత్రాన అది ఇస్రాఫ్ అయిపోదు. సూరా ఫుర్ఖాన్‌లో చెప్పిన దారి దుబారాకూ పిసినారితనానికీ మధ్యది. రోజూ ఫజర్ నమాజ్ అయ్యాక గంటన్నర తొక్కి షుగర్‌ను అదుపులో పెట్టుకునే మనిషి, నెలకోసారి ఫొటో కోసం బయటికి తీసే మనిషి ఒకే సైకిల్ కొన్నా లెక్క ఒకటి కాదు. దీనికి మంచి సాక్షి ఫోనులోనే ఉంటుంది. గత ఆరు నెలల్లో పాత సైకిల్ మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో తీసి చూస్తే వాదన సగం తగ్గుతుంది. చెల్లెలి కాలేజీ ఫీజు, తీర్చాల్సిన కర్జ్ ఉంటే అవి ముందు. సొంతంగా తొక్కుకునే సైకిల్ మీద జకాత్ ఉండదు, అమ్మకం కోసం పెట్టుకున్న సరుకు మీద ఉంటుంది. అయితే సైకిల్ కోసం దాచిన పైసలు నిసాబ్ దాటి ఏడాది నిండితే వాటి మీద జకాత్ లెక్కించాలి, ఈ మాట మర్చిపోతుంటారు.

ఇన్ని చూసుకున్నాక కూడా కొనాలనే తేలితే, పాతదాన్ని ఏం చేయాలో అదే రోజు తేల్చుకోవాలి. రెండూ ఉంచుకుంటే ఒకటి దుమ్ము పడుతుంది, దాని విలువ ఏటా తగ్గుతుంది. అమ్మితే కొత్తదాని ధరలో కొంత తిరిగొస్తుంది. ఎత్తు సరిపోతే తమ్ముడికో చెల్లెలికో ఇవ్వడం ఇంకా మంచిది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అసలు బిల్లు, ఫ్రేమ్ కింద ఉండే సీరియల్ నంబరు రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. దొంగ సైకిల్ అని తేలితే పైసలూ పోతాయి, పరువూ పోతుంది. కార్బన్‌దైతే ఫోర్క్, హ్యాండిల్ కింది గొట్టం దగ్గర పెయింట్ చీలిందేమో వెలుతురులో పట్టి చూడాలి.

ధరల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనిపిస్తుందో లేదో అడగాలి.

జిద్దాలోనో దుబాయ్‌లోనో ఉన్న అన్నతో తెప్పించుకుంటే చవక కదా అని కొందరు అనుకుంటారు. విమానంలో సైకిల్ డబ్బాకు వేరే చార్జీ పడవచ్చు, ఇక్కడ దిగాక ఉచిత పరిమితి దాటిన విలువ మీద కస్టమ్స్ సుంకం కట్టాలి. వారంటీ కూడా చాలా కంపెనీల్లో కొన్న షాపు ద్వారానే అడగాలి, అది మొదటి యజమానికే వర్తిస్తుంది. బిల్లు అన్న పేరు మీద ఉండి సైకిల్ తమ్ముడు తొక్కుతుంటే, ఫ్రేమ్ పగిలిన రోజు డబ్బా కట్టి తిరిగి జిద్దాకు పంపాల్సి వస్తుంది.