వెనక్కి తిరిగి చూసిన ఎలుక

"ఇంటర్‌లో ఇంట్లోవాళ్ల మాట విని బైపీసీ వద్దనుకుని ఎంపీసీలో చేరాను. ఉద్యోగం బాగానే ఉంది. అయినా డాక్టర్ని కాలేదన్న బాధ ఇన్నేళ్లయినా పోలేదు. ఈ బాధతో మెదడుకేమైనా పనుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పనుంది. నిరాశ వేరు, పశ్చాత్తాపం వేరు. వానలు లేక పంట పోతే నిరాశ. వేరే పైరు వేసుంటే దక్కేదని తెలిస్తే పశ్చాత్తాపం. రెండోదానికి పోలిక కావాలి, ఆ ఎంపిక చేసింది మనమే అయ్యుండాలి.

ఫ్రాన్స్‌లో నతాలీ కామీ, జోర్జియో కోరిచెల్లి, ఏంజెలా సిరిగు తదితరులు 2004లో ఈ తేడాను చక్కగా విడదీశారు. తెరమీద రెండు జూదపు చక్రాలు. ఒకటి ఎంచుకోవాలి. కొన్నిసార్లు ఎంచుకున్నదాని ఫలితమే చూపిస్తారు, కొన్నిసార్లు రెండోదానిదీ చూపిస్తారు. పక్క చక్రంలో 200 వచ్చిందని తెలిస్తే చేతికొచ్చిన 50 వెలవెలబోతుంది. కానీ మెదడులో కళ్లగూళ్లకు సరిగ్గా పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ దెబ్బతిన్నవాళ్లకు అలా కాలేదు. గెలిస్తే సంతోషించారు, ఓడితే బాధపడ్డారు, పక్క చక్రాన్ని మాత్రం లెక్కచేయలేదు. మిగతావాళ్లు ఆడేకొద్దీ పశ్చాత్తాపం తప్పించుకునేలా ఎంచుకోవడం నేర్చుకున్నారు. వీళ్లు నేర్చుకోలేదు. 'నో రిగ్రెట్స్' అని టీషర్టు మీద అచ్చేయించుకునేవాళ్లు ఈ సంగతి చదివితే బాగుండు.

నాకు ఇంకా ఇష్టమైనది 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆడమ్ స్టైనర్, డేవిడ్ రెడిష్ చేసిన ప్రయోగం. గుండ్రటి దారి, దాని వెంట నాలుగు తిండి కొట్లు: చెర్రీ, అరటి, చాక్లెట్, ఏ రుచీ కలపనిది. కొట్టు ముందుకు రాగానే ఒక శబ్దం వినిపిస్తుంది. ఎంతసేపు ఆగితే తిండి వస్తుందో దాని స్థాయిని బట్టి తెలుస్తుంది. ఎలుక ఆగొచ్చు, ముందుకు పోవచ్చు. మొత్తం సమయం ఒక గంటే. ఒక్కోసారి తక్కువసేపు ఆగితే సరిపోయే కొట్టును ఎలుక వదిలేసి వస్తుంది. తీరా చూస్తే తర్వాతి కొట్టు దగ్గర బోలెడంత ఎదురుచూపు! అప్పుడది ఆగి వెనక్కి చూస్తుంది. ఆ క్షణాన దాని ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌లోని నాడీకణాలు వదిలేసిన కొట్టు తాలూకు నమూనాలో స్పందించాయి. అందులోనూ అక్కడ దొరికే తిండి కంటే, ఆ కొట్టు దగ్గర ఎలుక చేయగలిగీ చేయని పనే ఎక్కువగా కనిపించింది. తన తప్పు లేకుండా, వరస బాగాలేక చెడ్డ బేరం తగిలినప్పుడు ఇంతగా కనిపించలేదు. పశ్చాత్తాపం తర్వాత ఎలుక మామూలుగా ఆగనంతసేపు ఆగింది, తిండి గబగబా మింగి పరుగెత్తింది. నేర్చుకోవడమంటే ఇదేనా, కంగారా అని నాకు అనుమానమే.

మనుషులకు చేసిన పని ఎక్కువ బాధో, చేయని పనో తేల్చడంలో పెద్ద మనస్తత్వ శాస్త్రవేత్తలే తడబడ్డారు. చేయని పని కంటే చేసిన పనికే ఎక్కువ బాధపడతామని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1982లో చూపించారు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్‌వెక్ 1995లో అడ్డం తిరిగారు: అది అప్పటికప్పటి మాట, ఏళ్లు గడిచాక చేయనివే వేధిస్తాయన్నారు. వాదన ముదిరి, 1998లో కానెమన్, వీళ్లిద్దరూ కలిసి ఒకే పత్రం రాసి కొంతవరకు రాజీకొచ్చారు. శాస్త్రరంగంలో ఇలాంటి మర్యాద అరుదు.

పాఠకురాలి ఉత్తరంలోనూ అదే వరస. ఎంపీసీలో చేరడం చేసిన పని, దాని గురించి ఆవిడకు పెద్ద ఫిర్యాదు లేదు. చదవని బైపీసీయే మిగిలింది. జూదంలో, ఎలుకల కొట్లలో వదిలేసినదాని విలువ కళ్లముందే ఉంది. జీవితంలో రెండో చక్రం ఎవరూ తిప్పి చూపించరు. పోలిక ఆపడం మెదడుకు చేతకాదు గనక ఆ ఖాళీని ఊహతో నింపుకుంటుంది. ఆ ఊహలోని డాక్టరుకు మొదటి ప్రయత్నంలోనే సీటొస్తుంది, నైట్ డ్యూటీలుండవు.

ఉపయోగం అడిగారు గనక ఒకటి చెబుతాను. మీ ఈడువాళ్లలో బైపీసీ చదివినవాళ్లను వెతకండి. డాక్టర్లయినవాళ్లనే కాదు, సీటు రాక బీఎస్సీలో చేరినవాళ్లను, పీజీ కోసం ఏళ్లు ఖర్చుపెట్టినవాళ్లనూ అడగండి. వాళ్లు చెప్పేదాంతో పోల్చుకున్నాక కూడా బాధ అలాగే ఉంటే, అప్పుడది పట్టించుకోదగ్గ సమాచారం.