బొమ్మను నిలిపిన పెట్టె

ఫ్రాన్స్‌లో సోన్ నది ఒడ్డున షాలో అనే ఊరుంది. అక్కడి రేవు వీధిలో 1974 నుంచి ఫోటోగ్రఫీ మ్యూజియం నడుస్తోంది. దానికి ఆ ఊళ్లోనే పుట్టిన నిసెఫోర్ నియెప్స్ పేరు పెట్టారు. అందులో లక్షల ఫోటోలున్నా ముందుగా చూడవలసినవి ఆయన వాడిన చెక్కపెట్టెలు. ప్రపంచంలో మిగిలిన కెమెరాల్లో వాటికంటే పాతవి లేవు.

పెట్టె ఆయన కనిపెట్టింది కాదు. చీకటిగదికి సన్నని బెజ్జం పెడితే బయటి దృశ్యం ఎదుటిగోడ మీద తలకిందులుగా పడుతుందని శతాబ్దాలుగా తెలుసు. ఆ బెజ్జానికి కటకం బిగించి, గదిని పెట్టెగా కుదించి, అందులో పడిన బొమ్మ మీద గీసుకునే చిత్రకారులు అప్పటికే ఉన్నారు. లోటల్లా ఒకటే: పెట్టె కదిపితే బొమ్మ పోతుంది.

1816లో నియెప్స్ వెండి లవణం పూసిన కాగితాన్ని పెట్టెలో ఉంచాడు. బొమ్మ పడింది, కానీ వెలుగు నల్లగా, నీడ తెల్లగా వచ్చాయి. పైగా బయటికి తీస్తే మిగతా కాగితమూ నల్లబడింది. అప్పుడాయన దారి మార్చాడు. వెలుగుకు నల్లబడే పదార్థాన్ని వదిలి, గట్టిపడే పదార్థాన్ని వెతికాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ మలుపే. జూడియా బిట్యుమెన్ అనే ఒక రకం తారుకు ఆ గుణముంది. దాన్ని లావెండర్ నూనెలో కరిగించి తగరపు మిశ్రమలోహం పలక మీద పల్చగా పూసేవాడు. ఎండ సోకినమేర అది బిగుసుకునేది. తర్వాత లావెండర్ నూనె, పెట్రోలియం కలిపి కడిగితే ఎండ సోకనిచోట పూత కరిగిపోయి లోహం తేలేది. మిగిలిన లేతరంగు పూత వెలుగు, తేలిన లోహం నీడ.

సేన్-లూ-ద-వరెన్ గ్రామంలోని తన ఇంటి కిటికీలోంచి 1827 ప్రాంతంలో తీసిన బొమ్మ ఇలా వచ్చిందే. పలక సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు. దాన్ని కనీసం ఎనిమిది గంటలు ఎండకు ఉంచి ఉంటాడు. కొన్ని రోజులు పట్టి ఉంటుందని తర్వాతి పరిశోధకుల అంచనా. ఈలోగా సూర్యుడు తూర్పు నుంచి పడమటికి వెళ్లాడు. అందుకే పెరటికి అటూ ఇటూ ఉన్న గోడలు రెండూ ఎండలోనే కనిపిస్తాయి. ఏ మనిషి కంటికీ ఆ పెరడు ఒక్కసారిగా అలా కనబడి ఉండదు. పొద్దంతా ఒకే బొమ్మలో ఇమిడిపోయింది!

1827లోనే తన పనిని లండన్ రాయల్ సొసైటీ ముందు పెట్టాలని చూశాడు. పద్ధతి రహస్యం విప్పనన్నాడు, వాళ్లు స్వీకరించలేదు. 1829లో పారిస్ చిత్రకారుడు డాగేర్‌తో భాగస్వామ్యం కలిపి, 1833లో కన్నుమూశాడు. 1839లో లోకానికి వెల్లడైన పద్ధతి పేరు డాగేరోటైప్. వెండిపూత రాగిపలక, అయోడిన్, పాదరసపు ఆవిరితో డాగేర్ గంటల పనిని నిమిషాలకు తెచ్చాడు. ఆ ఘనత నిజంగా ఆయనదే. కానీ పెట్టెలో పడిన బొమ్మను నిలపవచ్చని ముందు చేసి చూపింది నియెప్స్. ఫ్రాన్స్ ప్రభుత్వం ఏటా డాగేర్‌కు 6,000 ఫ్రాంకులు, నియెప్స్ కొడుకు ఇసిడోర్‌కు 4,000 ఫ్రాంకులు పింఛను ఇచ్చింది.

మరుగునపడిన ఆ పలకను 1952లో హెల్ముట్ గెర్న్‌షైమ్ అనే చరిత్రకారుడు వెలికితీశాడు. ఇప్పుడది అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలూ, ఒకసారి వెళ్లి చూడండి.